ముక్క పడనప్పుడు పందెం కొనసాగించాలా, ఆగాలా: హోల్డెమ్‌లో దారుల పోలిక

పోకర్‌లో ఒక రకమైన నో లిమిట్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచాక, అందరికీ ఉమ్మడిగా బల్ల మీద మొదట మూడు ముక్కలు (ఫ్లాప్), తరువాత ఒకటి (టర్న్), చివరగా మరొకటి (రివర్) తెరుస్తారు, ప్రతి దశలోనూ పందేలు ఉంటాయి. ఆ ఉమ్మడి ముక్కలనే బోర్డు అంటారు. జత కాని రెండు ముక్కలతో ఫ్లాప్ చూసే ఆటగాడి ముందు, మిగిలిన 50 ముక్కల నుంచి రాగల ఫ్లాప్‌లు మొత్తం 19,600 ఉంటాయి. వాటిలో 13,244 ఫ్లాప్‌లలో అతని రెండు ముక్కల్లో ఏ ఒక్కదానికీ జత కలవదు. కచ్చితమైన లెక్కలో ఇది 67.6 శాతం, అంటే దాదాపు మూడింట రెండు సార్లు. ఈ లెక్క ఫ్లాప్‌కు ముందు రైజ్ చేసినవాడికి, అంటే పందెం పెంచినవాడికి ఎంత వర్తిస్తుందో, దానిని కాల్ చేసినవాడికీ, అంటే అంత మొత్తమే కాసి నిలిచినవాడికీ అంతే వర్తిస్తుంది. ఇద్దరికీ ముక్క పడని సందర్భాలే ఎక్కువ కాబట్టి, ముందుగా బలం చూపించినవాడు మరొక పందెం కాసి పాట్‌ను, అంటే అప్పటిదాకా కాసిన మొత్తాన్ని తీసుకోవడం సాధ్యమవుతుంది. దీనినే కంటిన్యుయేషన్ బెట్ అంటారు, ఆడేవాళ్లు క్లుప్తంగా సీ-బెట్ అంటారు.

కొత్తగా నేర్చుకునేవారు దీనిని అలవాటుగా మార్చుకుని, రైజ్ చేసిన ప్రతిసారీ ఫ్లాప్‌లో పందెం కాస్తారు. ఎవరైనా కాల్ చేస్తే టర్న్‌లో ఏం చేయాలో తెలియక ఆగిపోతారు, లేదా పట్టుదలతో రివర్ దాకా చిప్స్ తోస్తారు. ఈ రెండూ నష్టం తెచ్చే పద్ధతులే. ముక్క పడలేదు కనుక ఆగిపోవడమూ సరికాదు, రైజ్ చేశాం కనుక కొనసాగించడమూ సరికాదు. నిర్ణయానికి ఆధారం కావలసినవి రెండు ప్రశ్నలు: ఈ బోర్డు ఎదుటివాడి చేతికి ఎంత తగిలింది, రాబోయే ముక్కల్లో మన చేతికి ఇంకా ఏం మిగిలింది. ఈ వ్యాసంలో చిన్న పందెం, పెద్ద పందెం, చెక్ చేసి, అంటే పందెం కాయకుండా, వేచి ఉండడం, పూర్తిగా వదిలేయడం అనే దారులను ఈ రెండు ప్రశ్నల వెలుగులో పోల్చి చూస్తాను.

మన ఇళ్లలో పండుగలకు ఆడే మూడు ముక్కలాటకు అలవాటు పడినవారు ఒక తేడాను ముందే గుర్తించాలి. అక్కడ పంచిన మూడు ముక్కలే ఆఖరు, ఆ తరువాత చేయి మెరుగుపడే మార్గం లేదు. అందువల్ల అక్కడి బ్లఫ్ ఎదుటివాడు ప్యాక్ చేయడం మీద మాత్రమే ఆధారపడుతుంది. హోల్డెమ్‌లో ఫ్లాప్ తరువాత ఇంకా రెండు ముక్కలు రావలసి ఉంటాయి. కాబట్టి ఇక్కడ ముక్క పడని చేతులన్నీ ఒకే రకం కావు: కొన్నింటికి ఆశ మిగిలి ఉంటుంది, కొన్నింటికి ఏమీ ఉండదు, మరికొన్ని ఏ జతా లేకుండానే ఆ సమయానికి గెలుస్తున్న చేతులు కూడా కావచ్చు.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పడం నా బాధ్యత. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ విస్తరించింది. అందుచేత ఇక్కడి ఉదాహరణలన్నీ చిప్స్ లెక్కలోనే ఇస్తున్నాను. చట్టం అనుమతించే దేశాలలో కార్డ్ రూములకు వెళ్లే తెలుగువారికి, ఇక్కడ సరదాగా ఉత్త చిప్స్‌తో ఆడేవారికి ఈ లెక్కలు ఒకే విధంగా పనికివస్తాయి.

పందెం పరిమాణం అడిగే ధర

ఏ చేయీ లేకుండా కాసే పందెం నష్టం లేకుండా ఉండాలంటే ఎదుటివాడు ఎన్నిసార్లు ఫోల్డ్ చేయాలో, అంటే చేయి వదిలేయాలో తెలుసుకోవడం సులభం. మనం కాసే మొత్తాన్ని, పాట్‌కు ఆ మొత్తం కలిపితే వచ్చే సంఖ్యతో భాగించాలి. పాట్‌లో మూడో వంతు కాస్తే 25 శాతం, సగం కాస్తే 33 శాతం, మూడింట రెండు వంతులు కాస్తే 40 శాతం, పాట్ అంత కాస్తే 50 శాతం ఫోల్డ్‌లు రావాలి.

బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కాసే పందేలు, 50, 100 ఉన్న బల్ల మీద బటన్‌లో, అంటే ఫ్లాప్ నుంచి చివర ఆడే స్థానంలో ఉన్న మనం 250కి రైజ్ చేశామనీ, చిన్న బ్లైండ్ కాసినవాడు వదిలేయగా బిగ్ బ్లైండ్ కాసినవాడు కాల్ చేశాడనీ అనుకుందాం. పాట్‌లో 550 ఉంటుంది. ఇప్పుడు 180 కాస్తే నాలుగింట ఒకసారి ఫోల్డ్ వస్తే చాలు. 360 కాస్తే ఐదింట రెండు సార్లు రావాలి. ఎదుటివాడికి మూడింట రెండు సార్లు ముక్క పడదని ముందే చూశాం కాబట్టి చిన్న పందెం అడిగే ధర చాలా తక్కువగా కనిపిస్తుంది. అయితే దీనికి ఒక మూల్యం ఉంది. చిన్న పందేనికి ఆలోచనాపరుడైన ఆటగాడు తన చేతుల్లో నాలుగింట మూడు వంతుల దాకా నిలబెట్టుకుంటాడు, అంటే కాల్ వచ్చిన తరువాత ఎదుట బలహీనమైన చేతులు చాలా మిగిలి ఉంటాయి. పెద్ద పందేనికి నిలిచేవి తక్కువ, కానీ నిలిచినవి గట్టివి. ఈ తేడా టర్న్‌లో మన నిర్ణయాన్ని పూర్తిగా మార్చేస్తుంది కనుక దీనిని గుర్తుపెట్టుకుని ముందుకు వెళ్దాం.

ఏ ఫ్లాప్ మీద ఏ దారి

మొదటి ఫ్లాప్‌లో డైమను ఆసు, కళావరు 7, ఆఠీను 2 పడ్డాయనుకుందాం. మూడు వేర్వేరు గుర్తులు, ఐదు ముక్కల వరుసలకు అవకాశం దాదాపు శూన్యం. రైజ్ చేసిన మన దగ్గర ఆసు ఉన్న పెద్ద చేతులన్నీ ఉండే వీలుంది. బిగ్ బ్లైండ్ మాత్రం ఆసు రాజు, ఆసు రాణి, పెద్ద జతల వంటివి ఉంటే ఫ్లాప్‌కు ముందే మళ్లీ రైజ్ చేసి ఉండేవాడు కనుక, కాల్ చేసిన అతని చేతుల్లో అవి తక్కువ. ఇటువంటి బోర్డు మీద మన చేతిలో రాజు, 10 వంటి ఏమీ తగలని ముక్కలున్నా, మూడో వంతు పందెం మంచి దారి. ఇక్కడ పెద్ద పందెం వల్ల అదనపు ప్రయోజనం ఏమీ లేదు: రాణి, జాకీ ఉన్నవాడు 180కే వదిలేస్తాడు, ఆసు ఉన్నవాడు 360కి కూడా వదలడు. ఒకే ఫలితానికి రెట్టింపు ధర చెల్లించడం తెలివైన పని కాదు.

జత పడిన బోర్డులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. రాజు, 8, 3 పడితే ఆ మూడింటికి జత కలిపే ముక్కలు ఇంకా 9 మిగిలి ఉంటాయి. 5, 5, 2 పడితే అటువంటివి 5 మాత్రమే. అంటే ఎదుటివాడికి ఏదైనా తగిలి ఉండే అవకాశం మరింత తగ్గుతుంది. ఇక్కడ కూడా చిన్న పందేనిదే పైచేయి.

ఇప్పుడు ఆఠీను 9, ఆఠీను 8, కళావరు 6 పడిన ఫ్లాప్‌ను చూడండి. బిగ్ బ్లైండ్ కాల్ చేసే చేతులు సరిగ్గా ఈ మధ్య ముక్కల చుట్టూనే ఉంటాయి. 10, 7 ఉన్నా, 7, 5 ఉన్నా వరుస ఇప్పటికే పూర్తయింది. 9, 8 ఉంటే రెండు జతలు. చేతిలో ఒక్క 7 ఉన్నా వరుసకు రెండు వైపులా ఆశ. రెండు ఆఠీన్లు ఉంటే ఒకే గుర్తువి ఐదు ముక్కలు కలిసే ఫ్లష్ ఆశ. ఆసు రాజు పట్టుకుని ఇక్కడ పందెం కాయడం నేను తరచుగా చూసే తప్పు. ఫోల్డ్‌లు తక్కువగా వస్తాయి, ముందు చెక్ చేసి తరువాత మన పందేన్ని పెంచే చెక్-రైజ్‌లు ఎక్కువగా వస్తాయి, రైజ్ వస్తే తరువాత ముక్కల్లో ఆసో రాజో పడే మన అవకాశాన్ని కూడా చేజేతులా వదులుకోవలసి వస్తుంది. ఇటువంటి చోట చెక్ చేసి టర్న్ ముక్కను ఉచితంగా చూడడం నిజమైన లాభం, అది పిరికితనం కాదు. పందెం కాయదలచుకుంటే ఈ బోర్డు మీద పరిమాణం పెద్దదిగా ఉండాలి, చేతులు తక్కువగా ఉండాలి: పెద్ద జతలు ఒకవైపు, ఆఠీను ఆసు, ఆఠీను రాణి వంటి గట్టి ఆశలు మరొకవైపు. మధ్యలో ఉన్నవన్నీ చెక్ చేయాలి.

కూర్చున్న స్థానం కూడా ఈ పోలికలోకి వస్తుంది. ఇప్పటివరకు చెప్పినదంతా మనం చివర ఆడే స్థానంలో ఉన్నప్పటి మాట. ముందు వరసలో రైజ్ చేసి, బటన్ కాల్ చేసినప్పుడు రెండు విషయాలు మారతాయి: కాల్ చేసినవాడి చేతులు బ్లైండ్ చేతుల కంటే గట్టివిగా ఉంటాయి, ప్రతి దశలోనూ మనమే ముందు ఆడాలి. ఆ పరిస్థితిలో ముక్క పడని చేతుల్లో చాలా భాగాన్ని చెక్ చేయడమే మంచిది. చివరి స్థానంలో కాసినంత తేలికగా ముందు స్థానంలో కాయకూడదు.

చెక్ అంటే వదిలేయడం కాదు

పందేన్ని సున్నాతో పోల్చడం చాలామంది చేసే పొరపాటు. లాభం వస్తే చాలు, పందెం సరైనదే అనుకుంటారు. పోల్చవలసింది సున్నాతో కాదు, చెక్ చేస్తే వచ్చేదానితో. ఆసు రాణి చేతిలో ఉండి రాజు, 8, 3 ఫ్లాప్ పడితే, ఎదుటివాడి జాకీ 10 కంటే మన ఆసు ఇప్పటికే పైన ఉంది. పందెం కాస్తే ఆ జాకీ 10 వెళ్లిపోతుంది, రాజు ఉన్నవాడు ఉండిపోతాడు. చెక్ చేసి చివరిదాకా చవకగా చేరితే కొన్నిసార్లు ఆ ఆసుతోనే పాట్ గెలుస్తాం. అదే ఫ్లాప్ మీద 6, 5 చేతిలో ఉంటే చెక్‌కు దాదాపు విలువే లేదు, ఎందుకంటే ముక్కలు తెరిస్తే అది ఎవరినీ గెలవదు. అందువల్ల రెండూ ముక్క పడని చేతులే అయినా మొదటిది చెక్ వైపు, రెండవది పందెం వైపు మొగ్గుతాయి. ఎంత అధ్వానమైన చేయి అయితే అంత పందెం కాయడం వింతగా తోచవచ్చు, కానీ ఆ చేతికి గెలిచే మార్గం మరొకటి లేదు.

ఫ్లాప్‌లో చెక్ చేసి టర్న్‌లో కాసే ఆలస్యపు పందేన్ని కొత్తవారు దాదాపు మరచిపోతారు. మనం వెనుక స్థానంలో చెక్ చేశాక, టర్న్‌లో ఎదుటివాడు మళ్లీ చెక్ చేస్తే అతను రెండుసార్లు బలహీనతను చూపించినట్టే. నిజంగా చేయి ఉన్నవాడు ఆ సమయానికి పాట్ పెంచడానికి ప్రయత్నించి ఉండేవాడు. ఫ్లాప్‌లో గుడ్డిగా కాసిన పందెం కంటే ఈ సమాచారంతో కాసిన పందెం ఎక్కువ సార్లు పనిచేస్తుంది. మధ్యలో ఒక ముక్క ఉచితంగా కూడా చూశాం. 9, 8, 6 వంటి బోర్డుల మీద ఆసు రాజుకు నేను సూచించే దారి ఇదే.

టర్న్: రెండవ పందేనికి అసలు లెక్క

ఫ్లాప్‌లో 180 కాశాం, కాల్ వచ్చింది, పాట్ 910 అయింది. టర్న్‌లో ఎదుటివాడు చెక్ చేశాడు. ఇప్పుడు 600 కాయాలా, చెక్ చేయాలా? ఇక్కడే ఆట నిజంగా మొదలవుతుంది, చాలామంది చిప్స్ పోగొట్టుకునేది కూడా ఇక్కడే. మూడు రకాల చేతులను పక్కపక్కన పెట్టి చూద్దాం: ఏ ఆశా లేనిది, మధ్యలో ఒక ముక్క పడితే వరుస పూర్తయ్యే గట్‌షాట్, అంటే పడితే పనికివచ్చే ముక్కలు 4 ఉన్న ఆశ, ఫ్లష్‌కు ఒక్క ముక్క దూరంలో ఉన్నది, అంటే 9 ముక్కల ఆశ. లెక్క సులభంగా ఉండడానికి రివర్‌లో మళ్లీ పందేలు లేవనీ, ఆశించిన ముక్క పడితే గెలుస్తామనీ అనుకుందాం. కనిపించని ముక్కలు 46.

ఎదుటివాడు 35 శాతం సార్లు ఫోల్డ్ చేస్తే, ఏ ఆశా లేని చేతితో కాసిన 600 సగటున 72 చిప్స్ నష్టం తెస్తుంది. గట్‌షాట్‌తో 48 లాభం, ఫ్లష్ ఆశతో 197 లాభం. ఇంతవరకు చూసి ఆశ ఉన్న చేతులన్నీ కాయవచ్చని తేల్చేస్తారు చాలామంది. కానీ చెక్ విలువను కూడా దీనితో పోల్చి చూడండి. చెక్ చేసి రివర్ ముక్కను ఉచితంగా చూస్తే ఫ్లష్ ఆశకు సగటున 178, గట్‌షాట్‌కు 79, ఉత్త చేతికి సున్నా వస్తాయి. అంటే 35 శాతం ఫోల్డ్‌ల దగ్గర గట్‌షాట్‌తో పందెం కాయడం చెక్ కంటే 31 చిప్స్ తక్కువ. ఫ్లష్ ఆశతో కూడా పందెం ఇచ్చే అదనం 19 మాత్రమే.

ఫోల్డ్‌లు 45 శాతానికి పెరిగితే చిత్రం పూర్తిగా మారిపోతుంది. ఉత్త చేతికి కూడా చెక్ కంటే 80 చిప్స్ ఎక్కువ, గట్‌షాట్‌కు సుమారు 101 ఎక్కువ, ఫ్లష్ ఆశకు 129 ఎక్కువ వస్తాయి. చెక్‌తో సమానం కావడానికి కావలసిన ఫోల్డ్ శాతాన్ని నేరుగా లెక్కిస్తే ఉత్త చేతికి 40, గట్‌షాట్‌కు 37, ఫ్లష్ ఆశకు 33 తేలుతుంది.

ఈ మూడు సంఖ్యలను నేను ఎంతో ముఖ్యమైనవిగా భావిస్తాను, ఎందుకంటే ఆశ ఉన్నది కదా అని కళ్లు మూసుకుని కాసేవారి నమ్మకాన్ని ఇవి సరిదిద్దుతాయి. 9 ముక్కల ఆశ మనకు సంపాదించిపెట్టేది ఏడు శాతం వెసులుబాటు మాత్రమే. మిగిలిన 33 శాతం ఫోల్డ్‌లు ఎదుటివాడి నుంచి రావలసిందే. రివర్‌లో ముక్క పడినప్పుడు మనం ఇంకా కొంత రాబట్టగలం కాబట్టి నిజమైన ఆటలో ఆశకు ఈ లెక్క చూపినదానికంటే విలువ ఎక్కువే. అయితే ఆ అదనం చెక్ చేసినప్పుడు కూడా కొంత మనకే దక్కుతుంది. మరొకవైపు, 600 కాశాక ఎదుటివాడు ఉన్నదంతా తోసి రైజ్ చేస్తే, మంచి ఆశను పట్టుకుని ఫోల్డ్ చేయవలసిన బాధ ఉంటుంది. మన దగ్గర మిగిలిన చిప్స్ ఇంచుమించు పాట్ అంతే ఉంటే, 600 కాసి రైజ్‌కు భయపడే బదులు ఉన్నదంతా మనమే ముందు తోయడం మేలు.

మరి ఫోల్డ్‌లు 35 శాతమా, 45 శాతమా అన్నది దేని మీద ఆధారపడుతుంది? మొదటిది, ఫ్లాప్‌లో మనం ఎంత కాశామన్నది. చిన్న పందేనికి కాల్ చేసినవాడి చేతుల్లో మధ్య జతలు, చిన్న జతలు, ఆసు ఒక్కటే ఉన్న చేతులు చాలా మిగిలి ఉంటాయి. వాటికి రెండవసారి పెద్ద పందెం ఎదురైతే నిలబడడం కష్టం. అందువల్ల ఫ్లాప్‌లో చిన్నగా, టర్న్‌లో పెద్దగా కాయడం ఒకదానితో ఒకటి పొసగే జంట. ఫ్లాప్‌లోనే పాట్ అంత కాసి కాల్ తెచ్చుకున్నవాడు, టర్న్‌లో ఉత్త చేతితో మళ్లీ కాయడానికి ముందు చాలా ఆలోచించాలి, ఎందుకంటే వదిలేయగల చేతులన్నీ అప్పటికే వెళ్లిపోయాయి.

రెండవది, టర్న్‌లో ఏ ముక్క పడిందన్నది. రాజు, 8, 3 ఫ్లాప్ తరువాత ఆసు పడితే, అది రైజ్ చేసినవాడి చేతుల్లోనే ఎక్కువగా ఉంటుంది. 8 జత పట్టుకుని కాల్ చేసినవాడికి తనను మించిన ముక్కలు రెండయ్యాయి. రెండవ పందేనికి ఇంతకంటే మంచి ముక్క లేదు. అదే చోట మళ్లీ 8 పడితే, మనం భయపెట్టాలనుకున్న మధ్య జత కాస్తా మూడు ఎనిమిదుల చేయి అయింది, కాబట్టి ఆగిపోవాలి. 2 వంటి సంబంధం లేని ముక్క పడితే ఏమీ మారలేదు. అప్పుడు ఆశ ఉన్న చేతులతో మాత్రమే కాసి, ఉత్త చేతులను వదిలేయడం మంచిది. ఫ్లాప్‌లో రెండు ఆఠీన్లు ఉండి మూడవది పడితే, మన చేతిలో ఆఠీను ఆసు ఉంటే తప్ప రెండవ పందేన్ని నేను సిఫార్సు చేయను.

రివర్: ఆశ అయిపోయిన తరువాత

రివర్‌లో ఆశ అనే మాటే లేదు. టర్న్‌లో కాసిన 600కు కాల్ వస్తే పాట్ 2,110 అయి ఉంటుంది. 1,400 కాస్తే మళ్లీ 40 శాతం ఫోల్డ్‌లు కావాలి, ఈసారి ఏ వెసులుబాటూ లేదు. ముక్క పడని చేతుల్లో ఏవి మూడవ పందేనికి తగినవో ఎంచుకోవడానికి ఇక్కడ కొత్త ప్రమాణం ఒకటి వస్తుంది: మన చేతిలో ఉన్న ముక్కలు ఎదుటివాడి దగ్గర ఉండలేవు. మన ముక్కలు అతని గట్టి చేతులను తగ్గిస్తే మంచిది, వదిలేసే చేతులను తగ్గిస్తే చెడ్డది.

ఈ కారణం వల్లనే, అందరికీ సహజంగా తోచే ఎంపిక ఇక్కడ తరచుగా తప్పవుతుంది. ఆఠీన్ల ఫ్లష్ కోసం ఎదురుచూసి అది పడకపోతే, ఇక బ్లఫ్ చేయడం తప్ప మార్గం లేదనిపిస్తుంది. కానీ మన చేతిలో రెండు ఆఠీన్లు ఉన్నాయంటే, ఎదుటివాడు కూడా అదే ఫ్లష్ కోసం చూసి విఫలమై ఉండే అవకాశం తగ్గుతుంది. అటువంటివాడే కదా మన పందేనికి వెంటనే వదిలేసేవాడు. కాబట్టి పడని ఫ్లష్‌ల కంటే పడని వరుసలు, ముఖ్యంగా ఆఠీను లేనివి, మూడవ పందేనికి మెరుగైన చేతులు.

దీనికి పోకర్ చరిత్రలో అందరికీ తెలిసిన ఉదాహరణ 2003లో లాస్ వేగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూలో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో దొరుకుతుంది. 839 మంది ఆడిన ఆ పోటీలో చివరకు క్రిస్ మనీమేకర్, సామ్ ఫర్హా ఇద్దరే మిగిలినప్పుడు, మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను 7. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీను 9 ఉన్నాయి. ఫ్లాప్‌లో ఇస్పేటు 9, డైమను 2, ఇస్పేటు 6 పడ్డాయి, ఇద్దరూ చెక్ చేశారు. టర్న్‌లో ఇస్పేటు 8 పడింది. ఫర్హా 3,00,000 కాస్తే మనీమేకర్ 8,00,000కు పెంచాడు, ఫర్హా కాల్ చేశాడు. రివర్‌లో ఆఠీను 3 పడి మనీమేకర్‌కు ఏదీ కలవలేదు. ఫర్హా చెక్ చేయగానే అతను ఉన్న చిప్స్ అన్నీ తోసేశాడు. బోర్డు మీద అన్నిటికంటే పెద్ద జత పట్టుకున్న ఫర్హా ఆలోచించి వదిలేశాడు. తరువాత మనీమేకర్ ఆ పోటీ గెలిచి 25 లక్షల డాలర్లు అందుకున్నాడు.

ఆ ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు, నాకు మాత్రం అందులోని వరుసక్రమం ముఖ్యంగా కనిపిస్తుంది. ఏమీ లేని ఫ్లాప్‌లో అతను పందెం కాయలేదు. టర్న్‌లో ఫ్లష్‌కు 9 ముక్కలు, వరుసకు మరో 6, మొత్తం 15 ముక్కల ఆశ వచ్చాకే పెంచాడు. రివర్‌లో ముక్క పడకపోయినా అతని చేతిలోని రెండూ పనికివచ్చే ముక్కలే: బోర్డు మీద మూడు ఇస్పేట్లు ఉన్నాయి కనుక ఇస్పేటు రాజు ఎదుటివాడి దగ్గర పూర్తయి ఉండగల ఫ్లష్‌లను తగ్గిస్తుంది, 9, 8, 6, 3, 2 ఉన్న బోర్డు మీద 5, 4 ఉన్న చేతికి తప్ప 7 లేకుండా వరుస కుదరదు కనుక ఆఠీను 7 వరుసలను తగ్గిస్తుంది. పైగా రాజు ఒక్కటే ఉన్న చేయి తెరిచి చూపితే గెలిచే అవకాశం లేదు. ఈ మూడూ కలిసినప్పుడు మూడవ పందేనికి తగిన చేయి దొరికినట్టు. అవి లేకుండా ఆ ఆట ధైర్యాన్ని మాత్రమే అనుకరించేవారు నష్టపోతారు.

ఎదుట ఎందరు, ఎటువంటివారు

పైన చెప్పినదంతా ఒక్కరితో తలపడినప్పటి మాట. ఒక్కొక్కరు 60 శాతం సార్లు వదిలేసేవారే అయినా, ఇద్దరూ కలిసి వదిలేసేది 36 శాతం సార్లు, ముగ్గురూ వదిలేసేది 22 శాతం లోపే. మూడో వంతు పందేనికి కావలసిన 25 శాతం కూడా ముగ్గురి ముందు దొరకదు. ఇద్దరికంటే ఎక్కువ మంది కాల్ చేసిన పాట్‌లో గట్టి ఆశ లేకుండా పందెం కాయవద్దని నిస్సంకోచంగా చెబుతాను.

మనుషుల విషయానికి వస్తే, స్నేహితుల మధ్య సరదాగా ఆడే బల్లల మీద చూసేద్దాం అంటూ ఏ జత ఉన్నా రివర్ దాకా కాల్ చేసేవారు చాలామంది ఉంటారు. వారి ముందు పైలెక్కల్లోని 45 శాతం ఎప్పుడూ రాదు, 35 కూడా రాదు. అటువంటివారికి ఫ్లాప్‌లో ఒక చిన్న పందెం చాలు. కాల్ వస్తే, ముక్క పడేదాకా ఆగి, పడినప్పుడు పెద్దగా కాయడమే సరైన దారి. దీనికి భిన్నంగా ఫ్లాప్‌లో కాల్ చేసి టర్న్‌లో మళ్లీ పందెం వస్తే వదిలేసే అలవాటున్నవారు ఉంటారు. వారు ఎవరో గుర్తించడానికి పదిహేను ఇరవై చేతులు శ్రద్ధగా గమనించాలి, ముఖ్యంగా మనం ఆడని చేతుల్లో. వారి ముందు రెండవ పందేన్ని ఉత్త చేతులతో కూడా ధారాళంగా కాయవచ్చు.

ఇదంతా బల్ల దగ్గర క్షణాల్లో లెక్కించడం సాధ్యం కాదు, అందుకని ఇంటి దగ్గర పేక పరచుకుని సాధన చేయమని సలహా ఇస్తాను. మన చేతికి ఇస్పేటు రాజు, ఇస్పేటు 10 ఇచ్చుకుని, డైమను ఆసు, కళావరు 7, ఆఠీను 2 ఫ్లాప్‌ను పరచండి. బిగ్ బ్లైండ్ దగ్గర ఉండగల చేతులను ఒక్కొక్కటిగా కాగితం మీద రాసి, ఎన్ని విధాలుగా ఉండగలవో లెక్కపెట్టండి. రాణి జాకీ 16 విధాలుగా ఉండవచ్చు, అన్నీ వదిలేస్తాయి. 4 జత 6 విధాలుగా ఉండవచ్చు, ఒకసారి కాల్ చేస్తుంది. ఒక ఆసు బోర్డు మీదే ఉంది కనుక ఆసు 5 అనే చేయి 12 విధాలుగా ఉండవచ్చు, అది వదలదు. ఈ మూడింటిలోనే 34కి 16 వదిలేస్తున్నాయి, అంటే 47 శాతం. 180 పందెం అడిగినది 25 మాత్రమే. ఇప్పుడు అవే ముక్కలు చేతిలో ఉంచుకుని, ఫ్లాప్‌ను మాత్రం ఆఠీను 9, ఆఠీను 8, కళావరు 6గా మార్చండి. ఇందాక వదిలేసిన రాణి జాకీకి ఇప్పుడు 10 పడితే వరుస పూర్తవుతుంది, కనుక అది చిన్న పందేనికి అంత తేలికగా వెళ్లదు. రెండూ ఆఠీన్లే అయితే ఫ్లష్ ఆశ కూడా తోడై, పెద్ద పందేనికి సైతం వదలదు. ఒకే చేతితో రోజుకు ఇటువంటి ఫ్లాప్‌లు పది మార్చి మార్చి లెక్కపెడితే, నెల రోజుల్లో బోర్డు చూడగానే చేయి చెక్ వైపు వెళ్లాలో చిప్స్ వైపు వెళ్లాలో దానికదే తెలియడం మొదలవుతుంది.